చవకలో మంచి హెడ్‌ఫోన్లు ఎంచుకోవడం ఎలా?

జేబులో పెట్టుకునే ప్లేయర్లో పాట ఎలా వినపడుతుంది అన్నది ముఖ్యంగా మూడింటి మీద ఆధారపడి ఉంటుంది: రికార్డింగు, ప్లేయరు, హెడ్‌ఫోను. రికార్డింగు మన చేతిలో లేదు. ప్లేయర్ల మధ్య తేడా ఇప్పుడు బాగా తగ్గిపోయింది. డిజిటల్ ఫైలుని ధ్వనిగా మార్చే చిప్పులు పది డాలర్ల పరికరాల్లో కూడా చక్కగానే పనిచేస్తున్నాయి. ఇహ మిగిలింది హెడ్‌ఫోను. మనం వినే ధ్వనిలో పెద్ద తేడా తెచ్చేది అదే, మనలో చాలామంది పెద్దగా ఆలోచించకుండా కొనేదీ అదే.

1979లో సోనీ కంపెనీ మొదటి వాక్‌మన్‌ని తేలికపాటి హెడ్‌ఫోన్లతో కలిపి అమ్మింది. 2001లో ఐపాడ్‌తో పాటు తెల్ల ఇయర్‌బడ్లు వచ్చాయి. అప్పటినుంచి "ప్లేయర్‌తో వచ్చినవే వాడుకుందాం" అన్నది మనకి అలవాటయింది. 2022 మేలో ఆపిల్ ఐపాడ్ తయారీకి స్వస్తి చెప్పింది. విడిగా ప్లేయర్లు సోనీ, ఫియో లాంటి కంపెనీలు ఇంకా అమ్ముతున్నా, ఎక్కువమందికి ప్లేయర్ అంటే ఫోనే. ఆ ఫోను పెట్టెల్లో కూడా హెడ్‌ఫోన్లు ఇవ్వడం చాలామటుకు మానేశారు. కాబట్టి ఎంచుకునే బాధ్యత మనదే.

నన్ను మిత్రులు తరచు అడిగే ప్రశ్న, "యాభై డాలర్ల లోపు ఏది బాగుంటుంది?" అని. నేను తిరిగి అడిగేది, "ఎక్కడ వింటావు?" అని. ఈ రెండో ప్రశ్నకి జవాబు తెలిస్తే సగం పని అయిపోయినట్టే. ఎందుకో చూద్దాం.

రకాలు

చవక హెడ్‌ఫోన్లని స్థూలంగా నాలుగు రకాలుగా విడదీయచ్చు.

మొదటిది ఇయర్‌బడ్. ఇది చెవి రంధ్రం వాకిట్లో కూర్చుంటుంది కానీ లోపలికి పోదు. ఆపిల్ 2012లో తెచ్చిన ఇయర్‌పాడ్స్ ఈ రకమే. బయటి చప్పుడుని దాదాపు ఆపదు.

రెండోది ఇన్-ఇయర్. మెత్తటి సిలికాన్ టిప్పో, ఫోమ్ టిప్పో తగిలించుకుని చెవి రంధ్రం లోపలికి పెట్టుకుంటాం. సీసాకి బిరడా పెట్టినట్టు చెవిని మూసేస్తుంది. సరిగ్గా కుదిరితే ఇరవై డెసిబెల్స్, అంతకన్నా ఎక్కువ చప్పుడుని ఏ బ్యాటరీ లేకుండానే ఆపుతుంది.

మూడోది చెవి మీద ఆనేది. 1984లో వచ్చి ఇప్పటికీ అమ్ముడవుతున్న కాస్ పోర్టా ప్రో దీనికి మంచి ఉదాహరణ. తేలిక, మడిచి బ్యాగులో పడెయ్యచ్చు. ఇది వెనక వైపు తెరిచి ఉండే డిజైను కాబట్టి బయటి మాటలు లోపలికి వస్తాయి, మన పాట పక్క క్యూబికల్‌కి వినపడుతుంది.

నాలుగోది చెవి చుట్టూ కూర్చునే పెద్ద కప్పులవి. వీటిలోనూ తెరిచినవి, మూసినవి అని రెండు. మూసిన కప్పులు కొంత చప్పుడు ఆపుతాయి, కానీ ఎక్కువసేపు పెట్టుకుంటే చెమట పడుతుంది. గల్ఫ్‌లోనో హ్యూస్టన్‌లోనో వేసవిలో బయట నడిచేవాళ్ళకి ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు.

చప్పుడుకీ చెవికీ ఉన్న లెక్క

పాట స్పష్టంగా వినాలంటే అది చుట్టూ ఉన్న చప్పుడు కంటే గట్టిగా ఉండాలి. విమానంలో ఇంజన్ హోరు సుమారు 80 నుంచి 85 డెసిబెల్స్ ఉంటుంది. ఇయర్‌బడ్ ఆ హోరుని ఆపదు కనక పాట వినపడేదాకా వాల్యూమ్ పెంచుతూ పోతాం. తెలియకుండానే 90 దాటేస్తాం. అదే ఇన్-ఇయర్ పెట్టుకుంటే లోపలికి వచ్చే హోరు 60కో 65కో పడిపోతుంది. పాట 70, 75 దగ్గర పెట్టినా చక్కగా వినపడుతుంది.

పదిహేను డెసిబెల్స్ తేడా ఒక లెక్కా అనుకోవద్దు. ఇది లాగరిథమ్ కొలత అని మనవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ప్రతి 3 డెసిబెల్స్‌కీ ధ్వనిశక్తి రెట్టింపవుతుంది. అమెరికాలో పనిచేసే చోటి ఆరోగ్య భద్రతని పరిశోధించే నయాష్ సంస్థ సిఫార్సు ప్రకారం 85 డెసిబెల్స్ చప్పుడులో రోజుకి 8 గంటలకి మించి ఉండకూడదు. 88 అయితే 4 గంటలు, 91 అయితే 2 గంటలు, 94 అయితే గంట. ఇది ఫ్యాక్టరీల్లాంటి చోట్ల పనిచేసేవాళ్ళ కోసం చేసిన లెక్క. సంగీతం వినేవాళ్ళకి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు ఇంకా తక్కువ: 80 డెసిబెల్స్ చొప్పున వారానికి 40 గంటలు.

ఇప్పుడు శాన్ ఫ్రాన్సిస్కో నుంచి దుబాయ్ మీదుగా హైదరాబాద్ వెళ్ళే ప్రయాణం ఊహించుకోండి. ఇరవై గంటల పైమాటే. అందులో ఆరేడు గంటలు ఇయర్‌బడ్లతో 91 డెసిబెల్స్ దగ్గర సినిమాలు, పాటలు చూస్తే ఒక్క రోజులో మూడు రోజుల కోటా అయిపోయినట్టు. రోజూ రైల్లో ఆఫీసుకి పోయేవాళ్ళకి ఇదే కొంచెం కొంచెంగా ఏడాది పొడుగునా జరుగుతుంది.

మన లోపలి చెవిలో ధ్వనిని గ్రహించే రోమకణాలు ఒక్కో చెవికి పదిహేను వేల చిల్లర ఉంటాయి. పుట్టుకతో వచ్చినవే. మనుషుల్లో అవి పోతే మళ్ళీ మొలవవు. సాధారణంగా ముందు పోయేవి కీచు స్వరాలని పట్టుకునేవి కాబట్టి చాలాకాలం తేడా తెలియదు. తెలిసేసరికి పదిమంది ఉన్న మీటింగులో ఎవరేం అంటున్నారో అర్థం కాని పరిస్థితి వస్తుంది. రోజంతా కాన్ఫరెన్స్ కాల్స్‌లో గడిపే మన వృత్తికి ఇది చిన్న విషయం కాదు. హెడ్‌ఫోన్లు తీశాక చెవిలో గుయ్‌మని మోత వినపడితే వాల్యూమ్ ఎక్కువైందని గుర్తు. అది తరచు వస్తుంటే చెవి డాక్టర్‌కి చూపించుకోవాలి.

అందుకే నా సలహా: చప్పుడు ఉన్న చోట వినేట్టయితే మీ డబ్బు ముందు చప్పుడు ఆపే గుణానికి పెట్టండి. మిగతావన్నీ ఆ తర్వాత.

పెట్టె మీది అంకెలు

దుకాణంలో పెట్టె తిప్పి చూస్తే నాలుగైదు అంకెలు కనిపిస్తాయి. వాటిలో ఏది పనికొస్తుందో, ఏది పనికిరాదో చూద్దాం.

ఫ్రీక్వెన్సీ రేంజ్: "10 నుంచి 40,000 హెర్ట్జ్" అని గొప్పగా రాస్తారు. మనిషి చెవికి వినపడేది 20 నుంచి 20,000 దాకానే, వయసుతో పై హద్దు ఇంకా తగ్గుతుంది. పైగా ఆ రేంజ్‌లో ధ్వని ఎంత హెచ్చుతగ్గులతో వస్తుందో చెప్పకపోతే ఆ అంకెకి అర్థం లేదు. దీన్ని వదిలెయ్యండి.

డ్రైవర్ సైజు: 10 మిల్లీమీటర్లు, 40 మిల్లీమీటర్లు అని ఉంటుంది. పెద్దదైతే మంచిదని నియమం ఏమీ లేదు. దీన్నీ వదిలెయ్యచ్చు.

ఇంపీడెన్స్, సెన్సిటివిటీ: ఈ రెండూ పనికొస్తాయి, కలిపి చూస్తేనే. ఒక చిన్న ప్లేయరు గరిష్ఠంగా అర వోల్టు ఇస్తుందనుకుందాం. వోల్టేజి వర్గాన్ని ఇంపీడెన్స్‌తో భాగిస్తే హెడ్‌ఫోనుకి అందే శక్తి వస్తుంది. 16 ఓమ్స్ హెడ్‌ఫోనుకి సుమారు 15.6 మిల్లీవాట్లు, 300 ఓమ్స్ హెడ్‌ఫోనుకి 0.83 మిల్లీవాట్ మాత్రమే. రెండింటి సెన్సిటివిటీ ఒక మిల్లీవాట్‌కి 100 డెసిబెల్స్ అయితే మొదటిది 112 దాకా, రెండోది 99 దాకా పోగలవు. ఇవి గరిష్ఠ శిఖరాలు. సంగీతం సగటున ఇంతకంటే పది, ఇరవై డెసిబెల్స్ తక్కువలో ఉంటుంది. కాబట్టి స్టూడియోల కోసం చేసిన 300 ఓమ్స్ హెడ్‌ఫోన్లు చవగ్గా దొరికినా చిన్న ప్లేయరుకి తగినవి కావు. 16 నుంచి 60 ఓమ్స్ మధ్య, సెన్సిటివిటీ 100 పైన ఉంటే ఏ ఫోనుకైనా సరిపోతాయి.

ఒకటి గమనించండి. కొందరు సెన్సిటివిటీని మిల్లీవాట్‌కి, కొందరు వోల్టుకి చెప్తారు. రెండూ ఒకటి కావు, 32 ఓమ్స్ దగ్గర వోల్టు లెక్క 15 డెసిబెల్స్ ఎక్కువ కనిపిస్తుంది. పోల్చేముందు యూనిట్ చూడండి.

ధర ఎక్కువైతే ధ్వని బాగుంటుందా?

2017లో జెరోన్ బ్రీబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్లని కొలిచి, అమెరికా ధ్వనిశాస్త్ర సంఘం పత్రికలో ఫలితాలు ప్రచురించారు. ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్‌కీ అమ్మకం ధరకీ మధ్య సంబంధమేమీ కనపడలేదని తేలింది. అంటే ఎక్కువ డబ్బు పెట్టినంత మాత్రాన స్వరాల పొందిక మెరుగవుతుందని నమ్మకం లేదన్నమాట. ఎక్కువ డబ్బుకి సాధారణంగా వచ్చేవి వేరే: గట్టి తయారీ, ఊడదీసి మార్చుకునే తీగ, మెత్తటి కుషన్లు, వారంటీ. అవీ విలువైనవే, కానీ ఏం కొంటున్నామో తెలిసి కొనాలి.

గత కొన్నేళ్ళలో చైనా కంపెనీలు ఈ రంగాన్ని బాగా మార్చాయి. 2022లో వచ్చిన మూన్‌డ్రాప్ చూ, సెవెన్ హెర్ట్జ్ సాల్నోట్స్ జీరో లాంటి ఇన్-ఇయర్లు ఇరవై డాలర్ల ప్రాంతంలో అమ్ముడయ్యాయి. పదిహేనేళ్ళ క్రితం ఆ ధరకి ఆ నాణ్యత ఊహించలేనిది.

కుదరడం ముఖ్యం

ఎంత మంచి ఇన్-ఇయర్ అయినా చెవిని పూర్తిగా మూయకపోతే బేస్ మొత్తం పారిపోతుంది. "దీనిలో బేస్ లేదు" అని తిరిగి పంపించేవాటిలో చాలావాటికి అసలు జబ్బు టిప్ సైజు. పెట్టెలో మూడు సైజులు ఇస్తారు, మూడూ ప్రయత్నించండి. ఎడమ చెవికి ఒక సైజు, కుడి చెవికి ఇంకో సైజు పట్టడం మామూలే. పెట్టుకునేటప్పుడు రెండో చేత్తో చెవి డొప్పని కొంచెం పైకీ వెనక్కీ లాగితే రంధ్రం తిన్నగా అయి టిప్ బాగా కూర్చుంటుంది. పెట్టుకున్నాక పాట లేకుండానే గది నిశ్శబ్దమైనట్టు అనిపించాలి. అనిపించకపోతే సైజు మార్చండి.

పరీక్షకి మీకు బాగా తెలిసిన పాటలే వాడండి. నేను మూడు రకాలు పెట్టుకుంటాను. మృదంగం ఉన్న కచేరీ: ఎడమ వైపు మూత గుమ్మనాలి, కుడి వైపు దెబ్బ విడిగా తెలియాలి, ఒకదాన్ని ఒకటి మింగకూడదు. రెండోది ఘంటసాల కాలపు పాత మోనో రికార్డింగు: గొంతు సరిగ్గా నడినెత్తిన వినపడాలి. ఒక పక్కకి జరిగితే రెండు చెవుల్లో ఒకదానికి టిప్ కుదరలేదనో, రెండు డ్రైవర్లూ సమంగా లేవనో అర్థం. కీచు స్వరాలు అతిగా పెంచిన హెడ్‌ఫోన్లలో ఈ పాటల గరగర గొంతుని మించిపోతుంది. మూడోది ఈ మధ్య సినిమా పాట: బేస్ మోగుతున్నా మాటలు స్పష్టంగా ఉండాలి.

వైరా, బ్లూటూతా?

ఐఫోను 2016లో 3.5 మిల్లీమీటర్ల జాక్ వదిలేసింది, మిగతా కంపెనీలు చాలావరకు అదే దారి పట్టాయి. అయినా చవకలో వైరు హెడ్‌ఫోన్లకే నా ఓటు. బ్లూటూత్ బడ్ల బ్యాటరీ కొన్నేళ్ళకి నీరసించిపోతుంది, ఎక్కువవాటిలో దాన్ని మార్చే వీలుండదు. వైరువి జాగ్రత్తగా వాడితే ఎన్నేళ్ళయినా ఉంటాయి. జాక్ లేని ఫోనుకి పది డాలర్లలోపు యు.ఎస్.బి-సి అడాప్టర్ దొరుకుతుంది. లోపల ధ్వనిగా మార్చే చిప్ ఉన్నదే కొనండి. చిప్ లేని ఉత్త అడాప్టర్లు కొన్ని ఫోన్లకే పనిచేస్తాయి.

బ్యాటరీతో చప్పుడుని రద్దు చేసే పద్ధతికీ మనకీ కొంచెం చుట్టరికం ఉంది. బెంగాలీ తండ్రికి అమెరికాలో పుట్టిన అమర్ బోస్‌కి ఈ ఆలోచన 1978లో విమాన ప్రయాణంలోనే వచ్చింది. ఆయన కంపెనీ 1989లో పైలట్ల కోసం హెడ్‌సెట్, 2000లో మనలాంటివాళ్ళ కోసం క్వైట్‌కంఫర్ట్ తెచ్చింది. ఇప్పుడు ఈ సదుపాయం యాభై, అరవై డాలర్ల బ్లూటూత్ వాటిల్లో కూడా ఉంది. ఇంజన్ హోరు లాంటి నిలకడైన మంద్ర శబ్దాలని బాగా ఆపుతుంది. పక్క సీటు వాళ్ళ మాటలని అంతగా ఆపదు.

చివరగా

విమానంలో, రైల్లో వినేవాళ్ళు: ఇరవై డాలర్ల ఇన్-ఇయర్, ఇంకో ఐదారు డాలర్లు పెట్టి ఫోమ్ టిప్పులు.

ఇంట్లో ఒంటరిగా వినేవాళ్ళు: పోర్టా ప్రో లాంటి తెరిచిన రకం. పిల్లలు పిలిచినా, తలుపు కొట్టినా వినపడుతుంది.

ఆఫీసులో: మూసిన కప్పులో, ఇన్-ఇయరో. ఆడియో-టెక్నికా ఎం20ఎక్స్ లాంటి స్టూడియో రకాలు బాగుంటాయి కానీ దాని తీగ 3 మీటర్లు, జేబులోని ప్లేయరుకి కుదరదు, బల్ల దగ్గరకే బాగు.

నడకకి, పరుగుకి: చెవిని మూయని ఇయర్‌బడ్, తక్కువ వాల్యూమ్. రోడ్డు మీద హారన్ వినపడటం పాట కంటే ముఖ్యం. కారు, సైకిలు నడిపేటప్పుడు మాత్రం రెండు చెవులకీ ఏదీ పెట్టుకోవద్దు. కాలిఫోర్నియాలో అది చట్టవిరుద్ధం కూడా.

కొన్నాక ఒక్క పని చెయ్యండి. గది నిశ్శబ్దంగా ఉన్నప్పుడు హాయిగా వినపడే వాల్యూమ్ ఎంతో గుర్తుపెట్టుకోండి. రైలెక్కాక అంతకంటే రెండు మెట్లకి మించి పెంచాల్సి వస్తోందంటే ముందు టిప్ సరిచేసుకోండి, అప్పటికీ కుదరకపోతే ఆ చోటికి ఆ హెడ్‌ఫోను పనికిరాదు. ఐఫోను వాడేవాళ్ళకి హెల్త్ యాప్ 2019 నుంచి ఈ లెక్క డెసిబెల్స్‌లోనే చూపిస్తోంది, వారానికొకసారి తెరిచి చూడండి. ఇరవై డాలర్ల హెడ్‌ఫోను పాడైతే ఇంకొకటి కొనుక్కోవచ్చు. చెవులకి ఆ సదుపాయం లేదు.