పాత ఆర్చ్‌టాప్ గిటార్: గదిలో రేకు డబ్బా, బ్యాండ్‌లో గుండె చప్పుడు

ఈ రోజు నా ఒళ్లో ఉన్న ఈ గిటార్‌ని కాస్త జాగ్రత్తగా చూడండి. మామూలు గిటార్‌కి మధ్యలో ఉండే గుండ్రటి రంధ్రం దీనికి లేదు. దాని బదులు అటొకటి, ఇటొకటి వయొలిన్‌కి ఉన్నట్టు వంకర చీలికలు ఉన్నాయి. పై చెక్క కూడా చదునుగా లేదు, బోర్లించిన పళ్లెంలా ఉబ్బెత్తుగా ఉంది. దీన్నే ఆర్చ్‌టాప్ అంటారు. ఇది 1940ల నాటిది. పెద్ద పేరున్న కంపెనీది కాదు.

దీని కోసం నేను ఒక తప్పు పని చేశాను, ముందు అది చెప్పేస్తాను. నేను మిషిగన్‌లో ఎమ్మెస్ చదివే రోజుల్లో, మా అన్నయ్య తన మొదటి జీతంతో కొనిచ్చిన మామూలు గిటార్‌ని అమ్మేసి ఇది కొన్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పాత ఫొటోల్లో జాజ్ వాళ్ల చేతుల్లో చూసి మనసు పారేసుకున్నాను, అంతే. రూమ్‌కి తెచ్చి, అలవాటు ప్రకారం ఒక ఇళయరాజా పాట కార్డ్స్ పట్టుకుని వాయించాను. ఏం చెప్పమంటారు! రేకు డబ్బా మీద రబ్బర్ బ్యాండ్లు కట్టి లాగినట్టుంది. ఆ తియ్యదనం లేదు, మోగుతూ నిలబడే గుణం లేదు. టక్ అని మోగి ఆగిపోతుంది. ఆ రాత్రి అన్నయ్య ఫోన్ చేస్తే గిటార్ ఊసు రాకుండా మాట మార్చాను.

మోసపోయానని దాదాపు ఆర్నెల్లు అనుకున్నాను. కానీ తప్పు గిటార్‌ది కాదండి. దాన్ని ఎందుకు తయారు చేశారో నాకు తెలియకపోవడమే తప్పు.

కథ మొదలైంది కూడా మిషిగన్‌లోనే, కలమజూ అనే ఊళ్లో. 1890లలో ఆర్విల్ గిబ్సన్ అనే ఆయన అక్కడ ఒక ఆలోచన చేశాడు. వయొలిన్ పై చెక్కని వంచరు, చెక్కుతారు. మందపాటి చెక్కని తీసుకుని, ఉలితో లోపలా బయటా తొలుస్తూ ఉబ్బెత్తుగా తెస్తారు. మ్యాండొలిన్‌నీ గిటార్‌నీ అలా ఎందుకు చెయ్యకూడదు అనుకున్నాడు. 1902లో ఆయన పేరు మీద కంపెనీ వచ్చింది. ఆ తర్వాత 1919లో ఆ కంపెనీలో చేరిన లాయిడ్ లోర్ అనే మ్యాండొలిన్ కళాకారుడు ఇంకో అడుగు ముందుకు వేశాడు. ఆయన ఆధ్వర్యంలో 1922లో ఎల్-5 అనే గిటార్ వచ్చింది. గుండ్రటి రంధ్రం తీసేసి వయొలిన్ చీలికలు పెట్టింది అందులోనే. ఆర్చ్‌టాప్ అనగానే మన కళ్ల ముందు కదిలే రూపం అక్కడే ఖాయమైంది.

ఇప్పుడు అసలు పాయింట్‌కి వద్దాం. సౌండ్ ఎందుకు వేరేగా ఉంటుంది?

మామూలు గిటార్‌లో బ్రిడ్జ్‌ని పై చెక్కకి జిగురుతో అతికిస్తారు. తీగలు అక్కడే కట్టి ఉంటాయి. అంటే తీగల లాగుడంతా ఆ చెక్కే భరించాలి. తీగ కదిలినప్పుడు బ్రిడ్జ్ ముందుకీ వెనక్కీ ఊగుతూ ఆ చెక్కని మోగిస్తుంది. అందుకే ఆ బేస్, ఆ నిండుదనం, చాలాసేపు నిలిచే నాదం. ఆర్చ్‌టాప్‌లో అలా కాదు. తీగలు బ్రిడ్జ్ మీంచి దాటి, కింద చివర బిగించిన ఒక లోహపు ముక్కకి కట్టి ఉంటాయి. దాన్ని టెయిల్‌పీస్ అంటారు. లాగుడు దాని మీద పడుతుంది. బ్రిడ్జ్‌కి జిగురు లేదు, మేకు లేదు. తీగలు పైనుంచి నొక్కుతూ ఉంటే ఆ బరువుకే నిలబడుతుంది, అచ్చం కచేరీలో మీరు చూసే వయొలిన్‌లాగే. ఆ నొక్కుడుని తట్టుకోడానికే పై చెక్క ఉబ్బెత్తుగా, గట్టిగా ఉంటుంది. పైన స్ప్రూస్, వెనకా పక్కలా మేపుల్ వాడతారు. ఇదీ వయొలిన్ పద్ధతే.

ఈ నిర్మాణం వల్ల దెబ్బ పడగానే శబ్దం ఒక్కసారిగా ముందుకి దూకుతుంది, అంతే తొందరగా తగ్గిపోతుంది. బేస్ తక్కువ, మధ్య స్వరాలు ఎక్కువ. ఒక్కడే కూర్చుని పాడుకోడానికి ఇది లోపం. కానీ పక్కన నాలుగు ట్రంపెట్లు, ఐదు శాక్సఫోన్లు, డ్రమ్స్ ఉన్నాయనుకోండి. మైక్ లేదు. అప్పుడు?

1920ల చివర్లో, 30లలో అమెరికన్ డ్యాన్స్ హాళ్లలో పరిస్థితి అది. అంతకుముందు లయ కోసం బ్యాంజో వాడేవాళ్లు, దాని మోత గట్టిది కాబట్టి. ఆ జాగాలోకి గిటార్ రావాలంటే గిటార్ కూడా వినపడాలి కదా. బేస్ అంతా డబుల్ బేస్, డ్రమ్స్ కింద మునిగిపోతుంది. పైన ట్రంపెట్లు కోస్తుంటాయి. మధ్యలో మిగిలే సందులోంచి దూరి బయటికి రావాలి. ఆర్చ్‌టాప్ పుట్టింది ఆ సందు కోసమే అనొచ్చు. అందుకే సైజులు కూడా పెరుగుతూ పోయాయి. ఎల్-5 మొదట 16 అంగుళాల వెడల్పు. 1934లో వచ్చిన గిబ్సన్ సూపర్ 400 ఏమో 18 అంగుళాలు. ఆ 400 దాని ధర, డాలర్లలో! బోస్టన్‌లో స్ట్రాంబర్గ్ అనే తండ్రీకొడుకులు ఏకంగా 19 అంగుళాలవి చేశారు. న్యూయార్క్‌లో జాన్ డి ఏంజెలికో 1932 నుంచి 1964లో పోయేదాకా ఒక చిన్న షాపులో చేసిన గిటార్లు వెయ్యి పైచిలుకు మాత్రమే. ఇవాళ వాటి ధరలు మనలాంటి వాళ్లు అడక్కపోవడమే మంచిది.

దీన్ని వాయించే పద్ధతి కూడా వేరు. ఫ్రెడ్డీ గ్రీన్ గురించి చెప్పాలి. కౌంట్ బేసీ ఆర్కెస్ట్రాలో 1937లో చేరాడు, 1987లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. యాభై ఏళ్లు! సోలో వాయించడం చాలా అరుదు. బార్‌కి నాలుగు దెబ్బలు, ఛక్ ఛక్ ఛక్ ఛక్. ఆరు తీగలూ కాదు, రెండు మూడు స్వరాలు పట్టుకుని, మిగతా తీగల్ని ఎడమ చేత్తోనే మూసేసేవాడు. రికార్డుల్లో ఆయన గిటార్‌ని విడిగా పట్టుకోవడం కష్టం. మొదట్లో డ్రమ్స్ అనుకుంటారు. మన పాటలో తాళం ఉన్నట్టు అన్నమాట, ఎవరూ దాన్ని పొగడరు, అది తప్పితే మాత్రం అందరికీ తెలుస్తుంది.

ఇది జాజ్‌కే పరిమితం అనుకోకండి. కార్టర్ ఫ్యామిలీలోని మేబెల్ కార్టర్ 1928 ఎల్-5 మీద బొటనవేలితో లావు తీగల మీద రాగం, మిగతా వేళ్లతో లయ వాయించేది. అమెరికన్ జానపద, కంట్రీ గిటార్‌కి అదొక బడి అయిపోయింది. మన దేశానికొస్తే, జైపూర్ విద్వాంసుడు విశ్వమోహన్ భట్ వాయించే మోహన వీణ కూడా మార్పులు చేసిన ఆర్చ్‌టాపే. మొత్తం 20 తీగలు, ఒళ్లో పడుకోబెట్టి లోహపు కడ్డీతో జారిస్తూ వాయిస్తారు.

సరే, నా కథకి వస్తాను. ఆర్నెల్ల తర్వాత, మా ఊరి కమ్యూనిటీ హాల్లో ప్రతి గురువారం పాత స్వింగ్ పాటలు వాయించే పెద్దవాళ్ల దగ్గరకి వెళ్లాను. అమ్మేసే ముందు ఒక్కసారి చూద్దామని. నా ఫ్రెండ్ తన ఖరీదైన కొత్త ఫ్లాట్‌టాప్ తెచ్చాడు. రూమ్‌లో దాని ముందు నాది పిల్లి కూత. హాల్లో మైకులు లేవు. ట్రంపెట్ మొదలవగానే మావాడి గిటార్ మాయం! చెయ్యి కదులుతోంది, శబ్దం మాత్రం ఎక్కడికి పోతోందో తెలీదు. డబుల్ బేస్ వాయించే పెద్దాయన నా వైపు వంగి, "ఆరు తీగలెందుకు? మూడు చాలు. కొట్టి వెంటనే వదిలెయ్" అన్నాడు. వదిలేశాను. ఛక్. హాలు చివరి గోడకి తగిలి వెనక్కి వచ్చింది. ఆ క్షణం నా చేతుల్లో ఉన్నది రేకు డబ్బా కాదండి.

ఎవరో ఫోన్‌లో వెనక వరసలోంచి రికార్డ్ చేశారు. ఆ క్లిప్ అన్నయ్యకి పంపాను. ఆయనకి గిటార్ గురించి ఏమీ తెలీదు, ఫోన్ స్పీకర్‌లోనే విన్నాడు. "డ్రమ్స్‌తో పాటు టక్ టక్‌మంటోందే, అది నువ్వేనా?" అని అడిగాడు. అవునన్నాను. ఆ తర్వాతే నిజం చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "ముందే చెప్పుంటే డబ్బులు పంపేవాణ్ణి కదరా" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఫోన్ స్పీకర్‌లో అంత బాగా ఎందుకు వినపడిందంటారా? ఆ చిన్న స్పీకర్ లోతైన బేస్‌ని పలికించలేదు. మధ్య స్వరాలు బాగా పలికిస్తుంది. ఆర్చ్‌టాప్ బలం కూడా అక్కడే. 1920ల రికార్డుల్లో ఎడ్డీ లాంగ్ గిటార్ మీ ఫోన్‌లో కూడా స్పష్టంగా దొరకడానికి అదొక కారణం. వినేటప్పుడు బేస్ బూస్ట్ మాత్రం ఆపెయ్యండి.

"పాతది కాబట్టే ఈ సౌండా?" అని చాలామంది అడుగుతారు. నేను అంత తొందరగా ఒప్పుకోను. వయొలిన్ల మీద ఒక పరీక్ష జరిగింది, 2012లో ప్రచురించారు. 21 మంది వయొలినిస్టులకి కళ్లు సరిగ్గా కనపడకుండా కళ్లజోళ్లు పెట్టి, స్ట్రాడివారియస్ లాంటి పాతవి మూడు, కొత్తవి మూడు ఇచ్చారు. అందరికంటే తక్కువ నచ్చింది ఒక స్ట్రాడివారియస్! ఎక్కువమంది ఎంచుకున్నది కొత్తది. గిటార్లకీ అచ్చంగా ఇంతే అని నేననను. కానీ వయసు ఒక్కటే మంత్రం అయితే నా దానికంటే చవక పాత గిటార్లన్నీ పాడాలి, పాడవు. ఎలా చెక్కారు, ఎంత మందం ఉంచారు, ఏ తీగలు వేశారు, వీటికే నేను ఎక్కువ మార్కులేస్తాను. పాతవాటిలో నాకు నచ్చేది ఇంకొకటుంది. అవి కరెంట్ గిటార్ రాజ్యమేలక ముందు, మైక్ మీద ఆశ పెట్టుకోకుండా చేసినవి. 1936లో గిబ్సన్ ఈఎస్-150 వచ్చి, 1939లో బెన్నీ గుడ్‌మన్ బ్యాండ్‌లో చార్లీ క్రిస్టియన్ దాన్ని మోగించాక, గట్టిగా పలకాల్సిన అవసరం మెల్లగా తగ్గింది.

కొనాలనుకుంటే రెండు మూడు విషయాలు చూసుకోండి. ఆ వంకర చీలిక అంచుని ఫోన్ టార్చ్ వేసి చూడండి. పొరలు పొరలుగా కనపడితే ప్లైవుడ్. ఒకే చెక్క గీతలు కనపడితే గట్టి చెక్క. అది చెక్కిందా, నాదాని లాగా వేడి పెట్టి ఒత్తిందా అనేది తర్వాతి ప్రశ్న. నెక్ వంగిందా చూడండి. పాత సెల్యులాయిడ్ ముక్కలు పొడిపొడిగా రాలుతుంటే జాగ్రత్త. అవి కుళ్లుతూ వదిలే వాయువుకి పక్కనున్న లోహం కూడా తుప్పు పడుతుంది.

ఇంకొకటి. తీగలు మార్చేటప్పుడు ఒక్కొక్కటే మార్చండి. నేను మొదటిసారి ఆరూ ఒకేసారి విప్పేశాను. బ్రిడ్జ్ ఊడి ఒళ్లో పడింది. విరిచేశానని చెమటలు పట్టాయి. దానికి జిగురే లేదని అప్పటికి నాకు తెలీదు మరి. తిరిగి పెట్టాలంటే, పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగని ఊరికే తాకి మీటితే వచ్చే స్వరం, అక్కడే నొక్కి మీటితే వచ్చే స్వరం ఒకటయ్యేదాకా బ్రిడ్జ్‌ని కొంచెం కొంచెం జరుపుకుంటూ పోవాలి. నాకు మొదటిసారి రెండు గంటలు పట్టింది. ఇప్పుడు పది నిమిషాలు. వచ్చే ఎపిసోడ్‌లో కెమెరా ముందే చేసి చూపిస్తాను. ఉంటానండి.