మీకు తెలుసా? పాత పేరే మళ్లీ పైకొచ్చింది!

ఆండ్రాయిడ్ యాప్‌ల తయారీలో ఒకప్పుడు ‘ఇక వాడొద్దు’ అని పక్కన పెట్టిన ‘ఆండ్రాయిడ్ హోమ్’ పేరే ఇప్పుడు అధికారికం. దాని స్థానంలోకి వచ్చిన ‘ఆండ్రాయిడ్ ఎస్‌డీకే రూట్’కు కాలం చెల్లిందని గూగుల్ పత్రాలే చెబుతున్నాయి.

ఈ రెండూ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్. యాప్ తయారీ పనిముట్లు ఏ ఫోల్డర్‌లో ఉన్నాయో మిగతా ప్రోగ్రాములకు చెప్పేవి ఇవే. ఈ పద్ధతి 1979లో బెల్ ల్యాబ్స్ తెచ్చిన యూనిక్స్ ఏడో వెర్షన్‌తో మొదలైంది. తొలి ఆండ్రాయిడ్ ఫోను మార్కెట్లోకి వచ్చింది మాత్రం ఎంతో తర్వాత, 2008లో.

రాయచూరు ట్రిపుల్ ఐటీ విద్యార్థులైనా, అదే జిల్లాలో సింధనూరు క్యాంపుల్లోని తెలుగు ఇళ్లలో సొంతంగా నేర్చుకునే పిల్లలైనా తడబడే చోటు ఒకటుంది. ‘పాత్’ అనే మరో వేరియబుల్‌లో ప్లాట్‌ఫామ్ టూల్స్ ఫోల్డర్‌ను సరిగ్గానే చేరుస్తారు, అయినా కమాండ్ విండోలో ‘ఏడీబీ’ అని కొడితే అలాంటి కమాండ్ లేదంటుంది. ఏ ప్రోగ్రామైనా తెరిచినప్పుడే ఈ వేరియబుల్స్ నకలు తీసుకుంటుంది, తర్వాతి మార్పు దానికి తెలియదు. కాబట్టి అన్నీ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయకండి. ముందు ఆ కమాండ్ విండో మూసి, కొత్తది తెరిచి చూడండి.