చదువు కోసం అప్పు

పరీక్షా ఫలితాలు వెలువడే రోజుల్లో మన యిళ్ళలో రెండు లెక్కలు మొదలవుతాయి. ఒకటి పిల్లలకు వచ్చిన మార్కుల లెక్క. రెండవది తండ్రి బయటికి చెప్పక మనసులో వేసుకునే డబ్బు లెక్క. మొదటి లెక్క బాగుండి, రెండవది కుదరక, కోరిన చదువు మానుకున్న పిల్లలు చెన్నైలోను, బెంగుళూరులోను, షోలాపురంలోను, బరంపురంలోను, యానాంలోను యెందరో వున్నారు. ఆడపిల్లల విషయంలో ఈ మానుకోవడం మరీ సులభంగా జరిగిపోతూ వుంటుంది. ఆమె పెళ్ళికి అప్పు చేయడానికి సిద్ధపడే యిల్లే, ఆమె చదువుకు అప్పు అనేసరికి వెనుకాడుతుంది. ఇది న్యాయమేనా అని మేము అడుగుతున్నాము.

అప్పంటే మనవారికి భయం వుండడం మంచిదే. అప్పు చేసి పప్పు కూడు తినవద్దని పెద్దలు వూరికే అనలేదు. అయితే తిని మరచిపోయే అప్పు వేరు, సంపాదనకు దారి చూపే అప్పు వేరు. రెండవదానిని కూడా లెక్క తెలియకుండా చేస్తే మొదటిదానివలెనే ముంచుతుంది. కనుక భయాన్ని వదలుకోనక్కరలేదు, దానికి లెక్క తోడైతే చాలు.

చదువుకు ఋణమివ్వడం కొత్త ఆలోచన కాదు. 1963లోనే కేంద్ర ప్రభుత్వం తెలివిగల బీద విద్యార్థులకు వడ్డీ లేని ఋణాలిచ్చే జాతీయ పథకమొకటి ప్రారంభించింది. నేడు బాంకులు అనుసరిస్తున్న పద్ధతికి మూలం 2001లో భారతీయ బాంకుల సంఘం తయారుచేసిన ఆదర్శ విద్యా ఋణ పథకం. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో బందరులో స్థాపించిన ఆంధ్రా బాంకు 2020లో యూనియన్ బాంకులో కలిసిపోయింది. మనవారి బాంకు అనే చనువుతో అడగడానికి ఆ పేరు యిప్పుడు లేదు. కాని నిబంధనలు తెలిసినవారికి యే బాంకులోనైనా తలయెత్తి అడిగే వీలున్నది.

పూచీ యెంత, మన వంతు యెంత?

ఈ పథకంలో 4 లక్షల రూపాయల వరకు ఋణానికి మన చేతినుంచి వంతు వేయనక్కరలేదు. అంతకు మించితే, దేశంలో చదువుకు మొత్తం ఖర్చులో 5 శాతం, విదేశాలలో చదువుకు 15 శాతం మనం భరించాలి. 2015లో వచ్చిన హామీ నిధి పథకం క్రింద 7.5 లక్షల వరకు ఆస్తి తాకట్టు గాని, మూడవ మనిషి జామీను గాని లేకుండా ఋణమివ్వవచ్చును. ఆపైన మామూలుగా యిల్లు, స్థలం, డిపాజిట్టువంటివి పూచీ పెట్టవలసి వుంటుంది.

ఇక్కడ చాలామంది పొరబడతారు. తాకట్టు లేదంటే బాధ్యత లేదని కాదు. హామీ నిధి బాంకుకు కలిగే నష్టాన్ని కొంత భరిస్తుంది గాని మన అప్పును మాఫీ చేయదు. పైగా తండ్రో తల్లో సహ ఋణగ్రహీతగా సంతకం చేస్తారు. వాయిదాలు తప్పితే పిల్లల పేరే కాక వారి పేరు కూడా చెడుతుంది.

2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ప్రధానమంత్రి విద్యాలక్ష్మి పథకాన్ని ఆమోదించింది. ప్రభుత్వ జాబితాలోని ఉత్తమ విద్యాసంస్థలలో ప్రతిభనుబట్టి సీటు వచ్చినవారికి తాకట్టు, జామీను లేకుండా ఋణమివ్వడం దీని వుద్దేశం. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు మించనివారిలో యెంపికైనవారికి, 10 లక్షల వరకు ఋణంపై, చదువు కాలంలోను ఆ తరువాతి విరామంలోను వడ్డీలో 3 శాతం ప్రభుత్వం భరిస్తుంది. ఆదాయం 4.5 లక్షలు మించని కుటుంబాల పిల్లలు దేశంలోని గుర్తింపు పొందిన సంస్థలలో సాంకేతిక, వృత్తి విద్యలు చదివితే, ఆ కాలపు వడ్డీ మొత్తం ప్రభుత్వమే చెల్లించే పథకం 2009 నుంచి వున్నది. ఈ సహాయాలకు ఆదాయ ధ్రువపత్రం కావాలి. ఫలితాలు వచ్చాక తహశీల్దారు కచేరీ చుట్టూ తిరగడంకంటె, ముందే తెచ్చి వుంచుకోవడం మేలు.

అసలైన లెక్క

ఒక పిల్ల నాలుగేళ్ళ ఇంజనీరింగుకు 6 లక్షలు తీసుకున్నదనుకుందాం. ఏటా మొదట్లో లక్షన్నర చొప్పున బాంకు కాలేజీకి చెల్లిస్తుంది. వడ్డీ 10 శాతమని, లెక్కకోసం అనుకుందాం. చదువు కాలమూ, ఆపైన ఒక సంవత్సరమూ సాధారణంగా వాయిదాలు కట్టనక్కరలేదు. కాని వడ్డీ పెరుగుతూనే వుంటుంది. ఈ అయిదేళ్ళకు సాధారణ వడ్డీ 2,10,000 రూపాయలవుతుంది. వాయిదాలు ప్రారంభమయ్యేటప్పుడు అది అసలులో కలిసి, అప్పు 8,10,000 అవుతుంది. ఆరు లక్షలేగా అనుకున్నవారు ఉలిక్కిపడేది ఇక్కడే.

దీనిని పదేళ్ళలో తీరిస్తే నెలకు సుమారు 10,700. మొత్తం చెల్లించేది దాదాపు 12,84,000. పదిహేనేళ్ళు గడువు తీసుకుంటే నెలకు 8,700 మాత్రమే. కాని మొత్తం 15,66,000 దాటుతుంది. నెలకు రెండువేలు తేలికపడినందుకు 2,80,000 పైగా అదనపు ఖర్చు!

మరొక దారి వున్నది. చదువు కాలంలోనే వడ్డీని నెలనెలా కట్టవచ్చును. మొదటి ఏడు నెలకు 1,250 రూపాయలు, రెండవ ఏడు 2,500, మూడవ ఏడు 3,750, ఆపైన 5,000. అలా కడితే వాయిదాలు 6 లక్షలమీదనే మొదలవుతాయి. పదేళ్ళకు నెలవారీ వాయిదా 7,930. ముందు కట్టిన వడ్డీతో కలిపినా మొత్తం సుమారు 11,61,000. అంటే మొదటి పద్ధతికంటె లక్షా ఇరవైమూడువేలు మిగులు. చదువు కాలంలో వడ్డీ కడుతున్నవారికి బాంకు ఒక శాతం రాయితీ యివ్వవచ్చునని కూడా ఆదర్శ పథకంలో వున్నది. అది అడిగి తీసుకోవలసినది.

దరఖాస్తు

దరఖాస్తు విద్యాలక్ష్మి వెబ్‌సైటులో పెట్టవచ్చును. దానికి దళారికి డబ్బు యివ్వనక్కరలేదు. సీటు వచ్చిన పత్రం, కాలేజీ వ్రాసియిచ్చిన ఫీజుల పట్టిక, మార్కుల పత్రాలు, ఆధారు, పాను కార్డులు, తల్లిదండ్రుల ఆదాయపు కాగితాలు సిద్ధం చేసుకోవాలి.

మనవంటి కుటుంబాలకు ఒక ప్రత్యేకమైన చిక్కు పేరుతో వస్తుంది. తమిళనాట యింటిపేరు పోయి తండ్రి పేరులోని మొదటి అక్షరం ముందు చేరుతుంది. మహారాష్ట్రలో తండ్రి పేరు మధ్యకు వచ్చి యింటిపేరు చివరకు పోతుంది. బడిలో ఒకలాగ, ఆధారులో ఒకలాగ, తండ్రి పత్రాలలో మరొకలాగ వున్నప్పుడు దరఖాస్తు ఆగిపోవచ్చు. పిల్లలు పదవ తరగతిలో వుండగానే అన్ని పత్రాలలో పేరు ఒకే తీరున వుండేటట్లు సరిచేయించడం పెద్దల పని.

మీ నివాసం మా శాఖ పరిధిలో లేదన్న కారణంతో విద్యా ఋణం నిరాకరించరాదని రిజర్వు బాంకు 2012లో బాంకులకు తెలియజేసింది. మామూలుగా 15 రోజులనుంచి నెలలోపల నిర్ణయం తెలపాలనీ, తిరస్కరించడానికి పై అధికారి సమ్మతి వుండాలనీ ఆదర్శ పథకం చెబుతుంది. కనుక నోటిమాటగా పొమ్మంటే వచ్చేయకండి. కారణం వ్రాసి యివ్వమనండి. బాంకుకు ఫిర్యాదు చేసి 30 రోజులలో తగిన జవాబు రాకపోతే రిజర్వు బాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేసుకోవచ్చును.

తీర్చే మార్గం

ఉద్యోగం రాగానే మొదటి జీతంనుంచే కొంత చెల్లించడం మంచి అలవాటు. వ్యక్తులు తీసుకున్న మారే వడ్డీ ఋణాన్ని ముందుగా తీర్చినా బాంకులు జరిమానా వేయరాదని 2014లో రిజర్వు బాంకు నిర్ణయించింది. పాత పద్ధతిలో ఆదాయపు పన్ను కట్టేవారికి, చెల్లించిన వడ్డీ మొత్తాన్ని ఎనిమిది సంవత్సరాల వరకు ఆదాయంనుంచి తగ్గించుకునే వీలున్నది. అసలుకు ఈ వీలు లేదు.

ఉద్యోగం ఆలస్యమైతే దాక్కోవద్దు. వాయిదా 90 రోజులు దాటి నిలిచిపోతే ఖాతా మొండిబాకీల జాబితాలోకి పోతుంది. అంతకు ముందే బాంకుకు వ్రాతపూర్వకంగా పరిస్థితి తెలిపి గడువు కోరాలి. నిరుద్యోగ కాలంలో అదనపు విరామం యిచ్చే అవకాశం పథకంలో వున్నది. అడగనివారికి అది తనంత తాను రాదు.

చివరగా పెద్దలకు ఒక మనవి. కాలేజీ భవనాలు చూసి ఋణం నిర్ణయించకండి. ఆ చదువు పూర్తిచేసినవారికి యెటువంటి ఉద్యోగాలు, యెంత జీతంతో వస్తున్నాయో అక్కడ చదివిన పిల్లలనే అడగండి. రాబోయే వాయిదా మొదటి జీతంలో మూడవ వంతు మించేటట్లుంటే మరొకసారి ఆలోచించండి. పదవీ విరమణకు దాచుకున్న సొమ్మంతా తీసి ఫీజు కట్టి, వృద్ధాప్యంలో పిల్లల ముందు చేయి చాచడంకంటె, పిల్లల పేర పరిమితమైన ఋణం తీసుకోవడమే ఉభయులకూ గౌరవం.

సంతకం చేసేముందు ఆ పిల్లవాడినో పిల్లనో దగ్గర కూర్చోబెట్టుకుని ఈ లెక్కంతా వారిచేతనే వేయించండి. తీర్చవలసినది వారు. అంకెలు తమ చేతితో వ్రాసుకున్న పిల్లలకు చదువు విలువా తెలుస్తుంది, అప్పు బరువూ తెలుస్తుంది. కొడుకుకు వేసిన ఆ లెక్కనే కూతురికి కూడా వేయమని మా కోరిక.