ఎడారి గింజ దాచుకున్న మైనం

అమెరికా నైరుతి మూల నుంచి మెక్సికోలోకి పరుచుకున్న సోనోరా ఎడారి. చలికాలంలో నాలుగు చినుకులు, వేసవి చివర మరో నాలుగు. ఆ మాత్రం తడినే నమ్ముకుని రాతి వాలుల మీద ఒక పొద నూరేళ్లు దాటి బతికేస్తుంది. దాని పేరు జోజోబా. వేరు నీటిని వెతుక్కుంటూ పది మీటర్లకు పైగా లోతుకు దిగుతుంది.

దాని ఆకును దగ్గరగా చూడాలి. మందంగా, తోలు తోలుగా, ఆకుపచ్చ మీద బూడిద పూసుకున్నట్టుంటుంది. కొమ్మ మీద వెల్లకిలా పరుచుకోదు, నిటారుగా నిలబడుతుంది. మిట్టమధ్యాహ్నం నడినెత్తిన ఉన్న సూర్యుడికి ఆకు అంచు తప్ప ముఖం చిక్కదు. ఈ పొదల్లో ఆడా మగా వేరు. ఏ మొక్క ఏదో తొలిసారి పూసేదాకా తెలియదు. పువ్వుకు రంగుల రేకుల్లేవు, పరిమళం లేదు, తేనెటీగ కోసం ఎదురుచూపు లేదు. పుప్పొడిని మోసేది గాలే. ఆ నిటారు ఆకులే గాలిని సుడి తిప్పి ఆడ పువ్వు మీదికి మళ్లిస్తాయని వృక్షశాస్త్రజ్ఞులు గమనించారు. ఎండను తప్పించుకోవడానికి నిలబడ్డ ఆకు పుప్పొడికి దారి కూడా చూపుతోందన్నమాట!

అసలు వింత గింజలో ఉంది. ముదురు గోధుమరంగులో వేలిగోరంత ఉండే ఆ గింజను పిండితే, దాని బరువులో దాదాపు సగం బంగారు రంగు ద్రవం వస్తుంది. చూడటానికి నూనే. 1933లో అరిజోనా విశ్వవిద్యాలయంలో గ్రీన్, ఫోస్టర్ అనే ఇద్దరు పరీక్షించి చూస్తే అది నూనె కాదు, ద్రవరూపంలో ఉన్న మైనం. నువ్వులు, కొబ్బరి, వేరుశనగ నూనెల్లో గ్లిజరాల్‌కు మూడేసి కొవ్వు ఆమ్లాలు అతుక్కుని ఉంటాయి. ఇక్కడ గ్లిజరాల్ ఊసే లేదు. ఒక పొడవాటి కొవ్వు ఆమ్లం, ఒక పొడవాటి ఆల్కహాల్ జతకట్టి ఉంటాయి. మొలకకు తొలి ఆహారంగా గింజలో ఇంతింత ద్రవ మైనాన్ని దాచిపెట్టే మొక్క మరొకటి కనబడలేదు.

ఇలాంటి మైనమే ఎక్కడో సముద్రపు లోతుల్లో, స్పెర్మ్ తిమింగలం తలలోనూ ఉంటుంది. యంత్రాల కందెనల్లో, ముఖానికి రాసే క్రీముల్లో వాడే ఆ మైనం కోసం ఆ జీవాలను దశాబ్దాలపాటు వేటాడారు. 1970ల మొదట్లో అమెరికా ఆ తిమింగలం నూనె దిగుమతిని ఆపేశాక పరిశ్రమలు ఈ ఎడారి పొద వైపు తిరిగాయి. సముద్రంలో అంత పెద్ద ప్రాణికి అక్కర్లేని చావు తప్పించడంలో వేలిగోరంత గింజకూ వాటా ఉందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఇక మన చర్మం సంగతి. చర్మం తనకు తాను స్రవించుకునే జిడ్డును సెబమ్ అంటారు. అందులో సుమారు నాలుగో వంతు ఇదే కోవకు చెందిన మైనాలు. జోజోబా మన జిడ్డుకు అచ్చు నకలని వ్యాపార ప్రకటనలు చెబుతాయి. అది అతి. చుట్టరికం మాత్రం నిజం. అరచేతిలో రెండు చుక్కలు వేసి రుద్దితే పల్చగా సాగిపోయి, ముఖం మీద జిడ్డు మెరుపు లేకుండా పరుచుకుంటుంది. పైన పల్చటి పొరగా నిలిచి లోపలి తడి ఆరిపోకుండా కాస్తుంది. చాలా నూనెల్లా త్వరగా కంపు కొట్టదు, ఎందుకంటే దాని అణువులు గాలిలోని ఆక్సిజన్‌కు అంత సులువుగా లొంగవు. పైగా సహజంగా విటమిన్-ఇ కొంత ఉంటుంది. అందుకే ఘాటైన సుగంధ తైలాలను పలుచన చేయడానికీ, కళ్ల చుట్టూ కాటుక, మేకప్ తుడవడానికీ దీన్ని వాడతారు. చలికి మన కొబ్బరినూనె పేరుకుపోయే రోజుల్లోనూ ఇది కారుతూనే ఉంటుంది. గడ్డకట్టాలంటే పది డిగ్రీల దరిదాపులకు దిగాలి.

ఇదంతా ప్రయోగశాలలు కనిపెట్టడానికి చాలా ముందే ఆ ఎడారిలోని ఓధమ్ ప్రజలు వేయించిన గింజలను నూరి పుండ్లకు పట్టు వేసేవారు. ఘనత ముందు వాళ్లకే దక్కాలి.

తినడానికి మాత్రం పనికిరాదు. ఆ మైనం మన కడుపులో సరిగా అరగదు, గింజలో సిమ్మాండ్సిన్ అనే విషపదార్థమూ ఉంది. బుగ్గ సంచుల్లో గింజలు నింపుకుని తిరిగే బెయిలీ ఎలుకకు మాత్రం అది హాయిగా ఒంటబడుతుంది!

ఇప్పుడీ పొద మనకూ పరాయిది కాదు. 1960ల్లో ఇజ్రాయెల్ నుంచి గింజలు తెప్పించి జోధ్‌పూర్‌లోని కాజ్రి (కేంద్ర శుష్క ప్రాంత పరిశోధనా సంస్థ) పరిశోధకులు నాటారు, నేడు రాజస్థాన్‌లో తోటలున్నాయి.

వాడదలచినవారు గానుగలో వేడి తగలకుండా తీసినదే కొనండి. ముందు మోచేతి మడతలో ఒక చుక్క రాసి, ఒక రోజు ఆగి చూడండి. దురద, ఎరుపు లేకపోతే స్నానం చేశాక చర్మం ఇంకా తడిగా ఉన్నప్పుడే రెండు మూడు చుక్కలు చాలు. రంగు తేలడానికి, మచ్చలు పోవడానికి దీన్ని కొనకండి. ఎండ నుంచి కూడా ఇది కాపాడదు. పొడిబారే చర్మానికి తడి నిలపడమే దీని పని, ఆ పని బాగా చేస్తుంది.