వెనకబడ్డవాడిదే గెలుపు!

పి.గన్నవరం: సంక్రాంతి ఆటల్లో సైకిలు పందెం రెండు రకాలు. ముందొచ్చినవాడు గెలిచేది ఒకటి. స్లో సైకిల్ పందెంలో మాత్రం చిట్టచివర గీత దాటినవాడిదే బహుమతి. కాలు నేలకు తగిలితే అవుట్. కాలువ గట్టునున్న ఒక గ్రామంలో గత పండుగకు ఈ రెండో పందెంలో దిగిన ఒక పాల వ్యాపారి అందరికంటే ముందు గీత దాటేశారు. జనం పడీపడీ నవ్వారు.

ఆయన వయసు 57. తెల్లవారుజామున 4 గంటలకే లేచి, సైకిలుకు రెండు పక్కలా పాల క్యాన్లు తగిలించుకుని 28 ఏళ్లు ఈ గట్టు మీదే తిరిగారు. ఎండెక్కితే పాలు విరిగిపోతాయి. ఆలస్యమైతే వాడుక ఇళ్లవారు ఇంకొకరి దగ్గర పోయించుకుంటారు. ఇప్పుడు కుమారుడు మోటారు సైకిలుపై పాలు పోస్తున్నాడు.

పండుగ వెళ్లాక ఆయనకు షుగరు బయటపడింది. రోజూ కాసేపు సైకిలు తొక్కమన్నారు డాక్టరు. "తొక్కడం తెలుసండి. ఊరికే తొక్కడం తెలీదండి" అంటారాయన. ఖాళీ సైకిలును కూడా పాలు విరిగిపోతాయన్నట్టే పరుగెత్తించేవారు. ఒక సాయంత్రం కళ్లు తిరిగి గట్టు మీద పడిపోయారు. కాలువకు మూడడుగుల దూరం. గట్టు రోడ్లకు చాలాచోట్ల రక్షణ గోడలు లేవని రాయడం మాకూ విసుగే, చదవడం మీకూ విసుగే. గోడలు మాత్రం లేవు.

షుగరు మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా బయలుదేరడం వల్లే అలా జరిగిందని డాక్టరు చెప్పారు. అప్పటినుంచి జేబులో పంచదార పొట్లం ఉంటోంది. మోకాళ్ల నొప్పి సంగతి సైకిలు షాపులో తేలింది. క్యాన్లతో ఆగినప్పుడు రెండు కాళ్లూ నేలకు ఆనాలని ఆయన సీటు బాగా దింపించుకున్నారు. అలా తొక్కితే మోకాలు మరీ మడిచి, బరువంతా దానిమీదే పడుతుంది. మెకానిక్ సీటును రెండంగుళాలు లేపాడు. పెడలు కిందికి వచ్చినప్పుడు కాలు దాదాపు చాపినట్టుండాలి, మోకాలు కాస్త మడిచి ఉండాలి.

తొందర మాత్రం పోలేదు. "ఎవరు తరుముతున్నారండీ మిమ్మల్ని? నన్నెక్కించుకోండి, అదే తగ్గుతుంది" అంటూ ఆయన భార్య క్యారియరు మీద కూర్చున్నారు. ఆరోజు ఇద్దరూ నాలుగు కిలోమీటర్లు నెమ్మదిగా వెళ్లి అక్విడెక్టు దగ్గర ఆగారు. 1850లలో కట్టిన పాతదానికి 49 కమానులు. పక్కనే 2000లో వాడుకలోకి వచ్చిన డొక్కా సీతమ్మ అక్విడెక్టు. కింద వైనతేయ, పైన కాలువ. కాపురానికి వచ్చి 33 ఏళ్లయినా ఆమె దాన్ని బస్సు కిటికీలోంచి చూడటమే.

"ఇన్నేళ్లు పక్కనుంచే పోయానండి. కింద ఏరు, పైన కాలువ ఒకేసారి పారడం ఆరోజే చూశానండి" అన్నారాయన. తిరిగొచ్చేసరికి చీకటి పడింది. సైకిలుకు లైటు లేదు. ఆమె వెనక కూర్చుని టార్చి పట్టుకున్నారు. మర్నాడే లైటు బిగించారు.

వచ్చే సంక్రాంతికి స్లో సైకిల్ పందెంలో మళ్లీ పేరిస్తానంటున్నారు. వెనక భార్యను కూర్చోబెట్టుకోవచ్చో లేదో కమిటీవారిని ఇంకా అడగలేదట.