ఎండుటాకుల కాలం

తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన ఖరగ్‌పూర్ రైల్వే పట్టణ పరిసరాలలో సాలవనాలున్నాయి. ఫాల్గుణంలో రాలిన ఆకులు నేలపై మందంగా పరచుకొంటాయి. ఇప్పపూలు ఏరుకొనేందుకు పెట్టిన చిన్న మంటను గాలి ఇళ్ల వాకిళ్లదాకా తీసుకురాగలదు. పెద్ద చెట్లు తట్టుకొన్నా, మోళ్లనుండి వచ్చే లేత పిలకలు మాడిపోతాయి.

దీనికి విరుగుడు కష్టమైనది కాదు. వేసవికి ముందే అడవికీ ఇళ్లకూ నడుమ ఆకులు ఊడ్చి, పొదలు కొట్టి, వెడల్పాటి ఖాళీ బాట ఉంచాలి. మేత దొరకని మంట అక్కడే చల్లారుతుంది.

కాని ఆ బాటను ఏటేటా ఊడ్చేదెవరు? జవాబు మేదినీపూర్‌కు ఉత్తరాన ఆరాబారీలో ఉంది. 1972లో అటవీ అధికారి అజిత్ కుమార్ బెనర్జీ అక్కడి 11 గ్రామాలవారిని అడవి కాపలాలో భాగస్వాములను చేశారు. 618 కుటుంబాలకు రాబడిలో 25 శాతం వాటా అన్నారు. మోళ్లు మళ్లీ వనమయ్యాయి. అడవి తమదనుకొన్నవారే దానికి మంచి కావలి.