పాత ఉతుకు యంత్రం: దాని కవ్వం, దాని దాహం

బట్టలు ఉతికే యంత్రాన్ని దాచుకొనదగిన వస్తువుగా మనలో ఎవరూ తలచరు. పనిచేసినంత కాలం స్నానాల గది మూలన ఉండి, ఆగిపోగానే అది పాత ఇనుప సామానువాని బండి ఎక్కవలసినదే. అయితే అమెరికాలో 1950 ప్రాంతం నుండి 1980 ప్రాంతం వరకు తయారైన పైమూత యంత్రాలను వెదకి తెచ్చి, బాగుచేసి, నేటికీ వాడుకొంటున్నవారు ఉన్నారు. వారి అభిమానానికి తగిన కారణం ఆ యంత్రం కడుపులోనే ఉన్నదని మేము భావిస్తున్నాము.

ఇంటి వాడుకకు తగిన స్వయంచాలక యంత్రాన్ని 1937లో బెండిక్స్ సంస్థ తెచ్చినది. దాని తలుపు ముందువైపు ఉండేది. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన పిదప, 1947లో జనరల్ ఎలక్ట్రిక్, ఫ్రిజిడేర్ వంటి సంస్థలు మూత పైన ఉండే యంత్రాలను అమ్మకానికి తెచ్చినవి. మూత పైన ఉన్నచో నీరు కారకుండ తలుపు బిగించే బాధ లేదు, నడుము వంచనక్కర లేదు, మరచిన మేజోడును మధ్యలో మూత ఎత్తి వేయవచ్చు. అమెరికా గృహాలలో చాలాకాలం పైమూతదే పైచేయి అయినది.

దీని నిర్మాణం చూడండి. ఒక తొట్టిలో మరొక తొట్టి ఉంటుంది. వెలుపలిది నీటిని నిలుపుతుంది, లోపలి దానికి చిల్లులు ఉంటవి. లోపలి తొట్టి నడుమ రెక్కలు గల ఒక స్తంభం నిలిచి ఉంటుంది. అజిటేటర్ అని దీని పేరు. మనం కవ్వం అనవచ్చు. కవ్వానికి చుట్టిన తాడును ఒకమారు కుడిచేత, ఒకమారు ఎడమచేత లాగినప్పుడు అది కొంత ఇటు, కొంత అటు తిరుగుతుందే గాని ఒకే దిక్కున తిరుగుతూ పోదు. ఇదీ అంతే. ఉతికినంతసేపు మోటారు మాత్రం ఒకే దిక్కున తిరుగుతూ ఉంటుంది. ఆ తిరుగుడును ముందువెనుకల ఊపుగా మార్చేది అడుగున నూనెలో మునిగి ఉన్న పళ్ళచక్రాల పెట్టె. ఆ ఊపుకు బట్టలు స్తంభం పక్కగా క్రిందికి దిగి, అంచుల వెంట పైకి తేలి, మరల నడుమకు వస్తవి. రేవులో బండ మీది దెబ్బ చేసే పనిని ఇక్కడ నీటి ఒరపిడి చేస్తుంది. పిదప నీరు పోయి, లోపలి తొట్టి నిమిషానికి 500, 600 చుట్లు తిరిగి బట్టలను పిండుతుంది.

ఊపు నుండి పిండుటకు మారుట ఎట్లు? వర్ల్‌పూల్ పాత యంత్రాలలో మోటారు దిక్కు మారదు. విద్యుదయస్కాంతాలు లోపలి మీటలను కదిలించి పని మారుస్తవి. మేటాగ్ వారి ఉపాయం ఇంకను సరళం. మోటారు ఒక దిక్కున తిరిగితే కవ్వం ఊగుతుంది, దిక్కు మారితే తొట్టి తిరుగుతుంది. ఆ మోటారును స్ప్రింగులతో పట్టి ఉంచిన జారుడు పీఠం మీద అమర్చినారు. బరువైన తొట్టిని కదిలించవలసి వచ్చినప్పుడు పీఠం కొంచెం జరిగి, బెల్టు వదులై జారి, తొట్టి మెల్లగా వేగం అందుకొంటుంది. నాలుగు స్ప్రింగు ముక్కలు క్లచ్ పని చేస్తున్నవన్నమాట! టైమరు సైతం చిన్న మోటారు తిప్పే గట్ల చక్రమే. స్క్రూడ్రైవరు, వైరింగు పటం, ఓపిక గల విద్యార్థి దీనిని విప్పి, అర్థం చేసుకొని, మరల బిగించగలడు.

అయితే దీని దాహం గొప్పది. ఒక విడతకు సుమారు 40 గ్యాలన్లు, అనగా 150 లీటర్ల నీరు కావలెను. బట్టలు స్వేచ్ఛగా తిరుగుటకు తొట్టి నిండవలెను, జాడించుటకు మరల నిండవలెను. ముందుతలుపు కొత్త యంత్రాలకు ఇందులో సగం చాలును. అమెరికా ప్రభుత్వం 2004లోను, 2007లోను కొత్త యంత్రాల శక్తి వినియోగ నియమాలను బిగించినది. నీరు కాచుటకు పట్టే శక్తి కూడ అందులో లెక్కకు వస్తుంది. బిందెల వరుసలు ఎరిగిన మనకు 150 లీటర్లు చిన్న సంఖ్య కాదు. పాత యంత్రాన్ని పొగిడేవారు ఈ మాటను దాటవేయుట మాకు నచ్చదు.

నాటి నిర్మాతలలో కొందరు దీనికి ఒక ఉపాయం చేసినారు. సడ్స్ సేవర్ అనే అమరిక గల యంత్రం సబ్బునీటిని పారబోయక పక్కనున్న తొట్టిలోకి పంపి, మురికి అడుగున పేరుకొన్న తరువాత పైతేటను మరుసటి విడతకు తిరిగి తోడుకొంటుంది. మొదట తెల్లనివి, పిదప రంగువి, చివర పనిబట్టలు. తెల్లబట్టలు తీసిన సబ్బునీళ్ళలోనే రంగుబట్టలు నానవేసే మన ఇళ్ళవారికి ఇది ఎవరూ నేర్పనక్కర లేదు. పాత యంత్రం కొనేవారు ఈ అమరిక ఉన్నదానిని వెదకుట మేలు.

కొనుటకు ముందు తొట్టి అంచున తుప్పును, పళ్ళచక్రాల పెట్టె క్రింద నూనె చుక్కలను చూచుకోవలెను. ఎండిన బెల్టుకు జంకనక్కర లేదు. పెద్ద భాగాలు మాత్రం తరచుగా మరొక పాత యంత్రాన్ని విప్పి తెచ్చుకోవలసినవే. పనిలేక కూర్చున్న మరమ్మతు మనిషిని 1967 నుండి ప్రకటనలలో చూపిన మేటాగ్ సంస్థనే 2006లో వర్ల్‌పూల్ కొన్నది. అయోవా రాష్ట్రంలోని న్యూటన్ పట్టణంలో దాని కర్మాగారం 2007లో మూతపడినది.

అమెరికాలోని బంధువుల ద్వారా ఒకటి తెప్పించుకొందమని ఎవరికైనా తోచవచ్చు. అక్కడి విద్యుత్తు 120 వోల్టులు, 60 సైకిళ్ళు. ఇక్కడ 230 వోల్టులు, 50 సైకిళ్ళు. ట్రాన్స్‌ఫార్మరు వోల్టులను తగ్గించగలదు గాని సైకిళ్ళను మార్చలేదు. మోటారు, టైమరు రెండును ఆరింట ఐదు వంతుల వేగంతోనే నడచి, 10 నిమిషాల ఉతుకు 12 నిమిషాలు పడుతుంది. మోటారు కూడ ఎక్కువ వేడెక్కుతుంది.